ఇరవయ్యో లింకు

నీలితీరం ఎన్‌క్లేవ్ వాళ్ళు మార్చి నెలలో కొత్త వెబ్‌సైటు పెట్టారు. భోగాపురం ఎయిర్‌పోర్టుకి పన్నెండు నిమిషాల దూరంలో ప్లాట్లు అని మొదటి పేజీలోనే పెద్దక్షరాలతో రాయించుకున్నారు. ఫోన్లో భోగాపురం ప్లాట్లని ఎవరైనా వెతికితే మాత్రం ఆ సైటు ఆరో పేజీలోనో ఏడో పేజీలోనో తేలేది. అంత దూరం ఎవరూ వెళ్ళరు కాబట్టి లేనట్టే. దాన్ని మొదటి పేజీకి తెచ్చే పని విజయనగరంలో రమేష్‌బాబు ఆఫీసుకి వచ్చింది, ఆఫీసులో షాలిని చేతికి వచ్చింది.

పని ఏమిటంటే వేరే సైట్లలో నీలితీరం పేరు పెట్టించడం. ఎవరో రాసుకున్న వ్యాసం మధ్యలో ఒక మాట నీలంగా కనిపించాలి, దాని మీద నొక్కితే వీళ్ళ సైటు తెరుచుకోవాలి. బ్యాక్‌లింకంటే అదే. నలుగురూ వేలెత్తి చూపించే సైటుని సెర్చ్ నమ్ముతుంది, నమ్మి పైకి తెస్తుంది. పేరున్న పాత సైటు చూపిస్తే ఇంకా ఎక్కువ నమ్ముతుంది. మే నెలాఖరుకి ఇరవై లింకులు కావాలని రమేష్‌బాబు గోడ మీది తెల్లబోర్డు మీద అంకె వేశాడు. ఆ పక్కన షాలిని పేరు రాశాడు.

గంటస్తంభం దగ్గర మొబైల్ షాపు పైన రెండో అంతస్తులో నాలుగు టేబుళ్ళ ఆఫీసది. రమేష్‌బాబు మంచివాడే. మధ్యాహ్నం అన్నం డబ్బా తెరిస్తే అందరికీ పెట్టందే తినడు. కానీ రోజుకి ఐదుసార్లు షాలిని కుర్చీ వెనక్కి వచ్చి నిలబడి "ఎన్నయ్యాయేటమ్మా?" అంటాడు. ఆ అడుగుల చప్పుడు వినగానే ఆమె కాలు టేబులు కింద దానంతటదే ఊగడం మొదలెట్టేది. ఇరవయ్యారేళ్ళ పిల్ల, ఆ ఉద్యోగంలో నాలుగో ఏడు. ఇంటికి వెళ్ళి అన్నం తింటున్నా ఎడమచేత్తో ఫోను తిప్పుతూనే ఉండేది, ఎక్కడైనా ఎవరైనా ఒప్పుకున్నారేమోనని. హాస్టల్ వార్డెనుగా పనిచేసే తల్లి దేవమణి చూసి చూసి, దేవుడి వాక్యం చదివేటప్పుడైనా దాన్ని బోర్లించమని అడగడం మానేసింది.

మే పది నాటికి పందొమ్మిది అయ్యాయి. ఎలా అయ్యాయో షాలినికి బాగా తెలుసు. ఇల్లు, పొదుపు, ప్రయాణాలు, పిల్లల పెంపకం అంటూ రకరకాల పేర్లతో నడిచే సైట్లకి ఆమే వ్యాసాలు రాసి పంపేది. ఒకదాని కింద కిరణ్ అని, ఇంకొకదాని కింద శ్రీవల్లి అని, తోచిన పేరు పెట్టేది. శ్రీవల్లి ఇద్దరు పిల్లల తల్లి. భర్తతో కలిసి నీలితీరంలో ప్లాటు తీసుకుంది. నేల మెరక అని, ఎంత వానకైనా చుక్క నిలవదని, సాయంత్రం అయితే సముద్రం గాలి కొడుతుందని రాసింది. నిజానికి షాలిని ఆ వైపు ఎప్పుడూ వెళ్ళనేలేదు. కంపెనీ వాళ్ళిచ్చిన కరపత్రంలో నాలుగు ముక్కలు ఏరుకుని మిగిలింది అల్లింది.

ఆ వ్యాసం కింద ఒకరోజు ఒక ప్రశ్న వచ్చింది. అడిగినావిడ పేరు కుమారి, గరివిడి దగ్గర పల్లెలో ఏఎన్‌ఎం. తాము కూడా అక్కడే తీసుకుందామనుకుంటున్నామని, తమ ఊళ్ళో ఇల్లు ప్రతి వానకీ మునుగుతుందని, అందుకే అడుగుతున్నానని, అక్కడ నిజంగా నీళ్ళు నిలవవా అని రాసింది. ఫోన్ నంబరు కూడా పెట్టింది. షాలిని ఆ రోజు మూడు సైట్లతో ఒకేసారి బేరం మాట్లాడుతోంది. శ్రీవల్లి పేరుతోనే గబగబా జవాబు కొట్టింది. నిలవవండీ, ధైర్యంగా తీసుకోండి. పంపాక ఒక క్షణం ఎందుకో చెయ్యి ఆగింది. అంతలో రమేష్‌బాబు అడుగుల చప్పుడు వినిపించింది.

ఇక మిగిలింది ఇరవయ్యో లింకు. అది మాత్రం గట్టిది కావాలన్నాడు రమేష్‌బాబు. ఈ పందొమ్మిదీ గడ్డిపోచలు, ఒక్క దుంగ పడితే గాని సైటు పైకి లేవదన్నాడు. ఉత్తరాంధ్ర మీద రాసే సైట్లన్నీ వెతికితే ఒక బ్లాగు దొరికింది. పేరు "మన గెడ్డలు". ఆ వైపు వాగుని గెడ్డ అంటారు. నల్లటి పేజీ మీద తెల్లక్షరాలు, వంకరటింకర ఫోటోలు. చూడ్డానికి ముతకగా ఉంది గాని దాని బలం లెక్కగట్టి చూస్తే షాలిని కళ్ళు పెద్దవయ్యాయి. విశ్వవిద్యాలయాల పరిశోధన పత్రాలు, పత్రికలు, ఎక్కడో నెదర్లాండ్స్‌లో నీటి మీద పనిచేసే సంస్థ, అందరూ దానికి లింకులు ఇచ్చారు. రాసేది గణపతిరావు అని, నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైనాయన.

షాలిని అందరికీ పంపే ఉత్తరమే ఆయనకీ పంపింది. మీ బ్లాగు నాకెంతో నచ్చింది, మీ పాఠకులకి పనికొచ్చే వ్యాసమొకటి రాసిస్తాను, దయచేసి వేసుకోండి. జవాబు లేదు. ఇంకోటి పంపింది. మూడోదానికి రెండు ముక్కల జవాబు వచ్చింది.

"అమ్మా, నా బ్లాగు నచ్చిందన్నారు, సంతోషం. అందులో ఏది చదివారు?"

అన్నీ అని కొట్టబోయి ఆగిపోయింది. ఏదో ఒకటి చూసి దాని పేరు చెబితే సరిపోతుందనుకుని పైనున్నది తెరిచింది. గెడ్డ ఏ కొండ దగ్గర పుడుతుంది, ఎన్ని చెరువులు నింపుతుంది, ఎక్కడ ఊరికి దగ్గరగా ఒరుసుకుంటుంది, ఏ ఏడు ఏ గట్టు తెగింది, ఆ రాత్రి ఎవరి గొడ్లు కొట్టుకుపోయాయి, దాని చేపల్ని ఆ ఊరివాళ్ళు ఏమని పిలుస్తారు. ఆ గెడ్డ వెంబడి మొదటినుంచి చివరిదాకా నడిచినవాడు తప్ప ఇంకొకడు రాయలేడు. ఒకటి అయ్యాక ఇంకోటి తెరిచింది. అన్నం డబ్బా తెరవకుండానే మధ్యాహ్నం మూడు గంటలు దాటింది. సాయంత్రం ఆయనకి జవాబు రాసింది. నచ్చిందని రాసినప్పుడు ఒక్కటీ చదవలేదు, ఇప్పుడు పదకొండు చదివాను అని. ఆయన వెంటనే తిరిగి రాశాడు, ఆదివారం అరసవల్లి వస్తే మాట్లాడుకుందామని.

ఆదివారం ఆరాధన మానేసి వెళ్ళడం దేవమణికి నచ్చలేదు. షాలిని వినలేదు. శ్రీకాకుళం బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే ఎండ, అటు మారితే ఉక్క. రెండుసార్లు సీటు మారింది. అరసవల్లిలో ఆదివారం కావడంతో గుడి చుట్టూ ఆటోలు ఒకదాన్నొకటి రాసుకుంటూ కదలడం లేదు. దిగి నడిచి, లాడ్జీల వెనక సందులో ఆయన ఇల్లు పట్టుకునేసరికి చెమటతో జుట్టు మెడకంటుకుంది.

గణపతిరావుకి అరవయ్యారు దాటి ఉంటాయి. బక్కపలుచటి మనిషి, మోకాళ్ళ దాకా మడిచిన పంచె, ఎండకి కాలి నల్లబడ్డ పిక్కలు. కోడలు మజ్జిగ తెచ్చిపెట్టింది. షాలిని సార్ అని పిలిస్తే, సారు గీరు వద్దన్నాడు, కాలవ గట్లు కాసే లస్కరు కంటే ఒక్క మెట్టు పైనున్నవాణ్ణి, అంతే అన్నాడు. ఆమె తనతో తెచ్చుకున్న మాటలన్నీ చెప్పింది. ఆయన అన్నీ విని, ఇంతకీ ఈ ప్లాట్లు ఎక్కడ అని అడిగాడు. ఫోన్లో లేఅవుటు మ్యాపు చూపించింది. ఆయన కళ్ళద్దాలు నుదుటికి తోసుకుని ఫోను ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. దాన్ని చిన్నది చెయ్యమన్నాడు, ఇంకా చిన్నది చెయ్యమన్నాడు. ఉత్తరం ఎటు అని అడిగాడు.

"ఇది కొంగలగెడ్డమ్మా," అన్నాడు చివరికి.

"ఏది సార్?"

"ఈ రోడ్డు బొమ్మ గీసినారు గదా, నలభై అడుగుల రోడ్డని. అదే గెడ్డ. ఎనభయ్యేడులో నాను గొలుసు పట్టుకుని కొలిసినాను."

పొరపాటేమో అంది షాలిని. అయ్యుండొచ్చు అన్నాడాయన కోపం లేకుండా. కళ్ళతో చూడంది తానెప్పుడూ రాయలేదని, కొంగలగెడ్డ మీద ఇంతవరకూ రాయకపోవడానికీ అదే కారణమని, రిటైరయ్యాక అటు నడవడం కుదరలేదని చెప్పాడు. రేపు వస్తావా, ఇద్దరం చూద్దాం అన్నాడు. తిరుగు బస్సులో షాలిని కుదురుగా కూర్చోలేకపోయింది. రణస్థలం దాటేదాకా కుమారికిచ్చిన జవాబు తాలూకు మూడు మాటలే కళ్ళ ముందు కదిలాయి. నిలవవండీ, ధైర్యంగా తీసుకోండి.

మర్నాడు పొద్దున్నే ఆఫీసుకి ఫోను చేసి, గట్టి లింకు పనిమీద వెళ్తున్నానని చెప్పింది. రమేష్‌బాబు సంబరపడ్డాడు. భోగాపురం దగ్గర హైవే మీద ఇద్దరూ కలుసుకుని ఆటో కట్టించుకున్నారు. జీడితోటలు, సరుగుడు తోపులు దాటాక నీలితీరం ఆర్చీ కనిపించింది. రంగు జెండాలు గాలికి పటపట కొట్టుకుంటున్నాయి. లోపలంతా ఎర్ర గ్రావెలు పోసి చదును చేశారు, వరసలు వరసలుగా తెల్లరంగు వేసిన రాళ్ళు పాతారు. ఎక్కడా చిన్న పల్లం కూడా లేదు. షాలిని ప్రాణం కొంచెం కుదుటపడింది. మెరకగానే ఉంది కదా అంది.

గణపతిరావు ఆర్చీ లోపలికి రాలేదు. పంచాయతీ రోడ్డు మీదే ఇంకో రెండు వందల గజాలు నడిచి ఒక కల్వర్టు మీద ఆగాడు. పాతకాలం రాతికట్టు, కింద నీళ్ళు పోవడానికి మూడు ఖానాలు. వాటిలో ఎండిపోయిన ఇసుక, ముళ్ళ కంప. ఆయన పంచె ఎగగట్టి కిందికి దిగాడు. షాలిని కూడా చెప్పులు చేత్తో పట్టుకుని దిగింది. మధ్య ఖానాలో ఒక మనిషి నిలబడొచ్చు. వంగి అవతలికి చూస్తే, వెలుగు కనిపించాల్సిన చోట బూడిదరంగు సిమెంటు గోడ కనిపించింది. లేఅవుటు ప్రహరీగోడ. కల్వర్టు నోటికి నాలుగు బారల దూరంలో అడ్డంగా కట్టేశారు.

"నీరు రాని సోట మూడు ఖానాల కల్వర్టు ఎందుకు కడతారమ్మా, నువ్వే సెప్పు," అన్నాడాయన. "ఆ కొండల మీద పడిందంతా ఇలగే దిగాల. మూడేళ్ళకో, ఐదేళ్ళకో, దానికెప్పుడు బుద్ది పుడితే అప్పుడు."

షాలిని చల్లటి రాతి మీద చెయ్యి వేసి నిలబడిపోయింది. రాతి మీద పాత నీటి గుర్తు ఆమె భుజం కంటే ఎత్తులో ఉంది. అప్పుడు ఆయనకి శ్రీవల్లి సంగతి చెప్పింది. చెప్పకూడదనుకుంటూనే చెప్పేసింది, కుమారి అడిగింది, తానిచ్చిన జవాబు, అన్నీ. ఆయన తిట్టలేదు, ఓదార్చలేదు. ముళ్ళ కంప తప్పించుకుంటూ పైకెక్కి రోడ్డు పక్కన కూర్చున్నాడు.

"లింకు కావాలన్నావు, ఇస్తాను. కానీ ఈ గెడ్డ గురించి ఉన్నదున్నట్టు రాస్తాను. రాసిందాన్లో ఈ సైటు పేరు పెడతాను. అలగైతే నీ పని అయినట్టూ అవుతాది, నా పనీ అవుతాది. వద్దంటే రాయను. నీ ఉద్దోగం సంగతి నాకు తెలీదు గదా."

షాలిని రోడ్డు మీద ఆ కొస నుంచి ఈ కొసకి నడిచింది. ఒక లారీ గ్రావెలుతో ఆర్చీలోకి మళ్ళింది, దుమ్ము లేచింది. ఫోను మోగింది. రమేష్‌బాబు. ఎత్తలేదు. మళ్ళీ మోగింది, కట్ చేసింది. వెనక్కి వచ్చి ఆయన ముందు నిలబడి "రాయండి," అంది. తర్వాత తన ఫోన్లోనించి లేఅవుటు మ్యాపు, సైటు అడ్రసు ఆయనకి పంపింది.

కుమారికి ఫోన్ చెయ్యడానికి ఆమెకి రెండు రోజులు పట్టింది. నంబరు ముందు పెట్టుకుని మంచినీళ్ళు తాగడం, మేడ మీదికి వెళ్ళడం, దిగడం. చివరికి ఆఫీసు మెట్ల మీద నిలబడి చేసింది.

"శ్రీవల్లి గారా? అంతా బాగున్నారా అండి?" అంది అవతలి గొంతు, తెలిసినవాళ్ళతో మాట్లాడినట్టు.

"శ్రీవల్లి అనే మనిషి లేదండి. అది నేనే రాశాను. నా పేరు షాలిని. నేను అక్కడ ప్లాటు కొనలేదు. మీకు జవాబిచ్చేనాటికి ఆ స్థలం చూడను కూడా లేదు."

అటునించి చంటిపిల్లల ఏడుపులు, ఆడవాళ్ళ మాటలు వినిపించాయి. టీకాలు వేసే రోజులా ఉంది.

"సూడకుండానే సెప్పీసినారా?"

"చెప్పేశానండి. నిన్నగాక మొన్న చూశాను. అది గెడ్డ దారి. నీళ్ళు వస్తాయంటున్నారు తెలిసినవాళ్ళు."

"మీ మాట సూసే మాయాయన ఒప్పుకున్నాడు. అడ్వాన్సు ఇచ్చీసినాం," అంది కుమారి. గొంతులో కోపం కూడా లేదు. కాల్ కట్టయింది. షాలిని మళ్ళీ చేస్తే ఎత్తలేదు. ఆ రోజు మిగిలిన గంటల్లో ఏం పనిచేసిందో ఆమెకే గుర్తులేదు.

కొంగలగెడ్డ మీద వ్యాసం మే ఇరవయ్యారున వచ్చింది. ఎప్పట్లాగే నల్ల పేజీ, తెల్లక్షరాలు. పుట్టిన కొండ, నింపే చెరువులు రెండు, తొంభయ్యో సంవత్సరం తుపానులో కల్వర్టు మీద నుంచి పారిన నీరు, పాత కొలతలు, గోడ ఫోటో. తిట్టు ఒక్కటీ లేదు. "ఇప్పుడు ఈ గెడ్డ నడిచే దారిలో నీలితీరం ఎన్‌క్లేవ్ ఉంది" అన్న వాక్యంలో ఆ పేరు నీలంగా ఉంది. రమేష్‌బాబు లింకుల లెక్క చూపించే సాఫ్ట్‌వేరులో కొత్త లింకు చూసి, వ్యాసం చదవకుండానే బోర్డు దగ్గరికి వెళ్ళి ఇరవై పూర్తయిందని గుండ్రంగా చుట్టాడు. అందరికీ మిఠాయి తెప్పించాడు. షాలిని కూడా ఒకటి తీసుకుంది. వ్యాసంలో ఏముందో అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు.

జూన్ నెలంతా ఆమెకి అదే పని. గంటగంటకీ భోగాపురం ప్లాట్లని ఒకసారి, నీలితీరం అని ఒకసారి కొట్టి చూసేది. రమేష్‌బాబు చెప్పిన దుంగ నిజంగానే పనిచేసింది. కంపెనీ సైటు ఆరో పేజీ నుంచి మూడోదానికి, మూడు నుంచి మొదటిదానికి వచ్చింది. దాంతోపాటే గణపతిరావు వ్యాసమూ ఎక్కింది. ఒక బుధవారం పొద్దున నీలితీరం అని కొడితే అన్నిటికంటే పైన కొంగలగెడ్డ ఉంది, దాని కింద కంపెనీ సైటు. మధ్యాహ్నానికి కంపెనీ మేనేజరు రమేష్‌బాబుకి ఫోను చేశాడు.

రమేష్‌బాబు ఆమె కుర్చీ వెనక్కి రాలేదు. ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చున్నాడు. వ్యాసమంతా అప్పుడే మొదటిసారి చదివినట్టున్నాడు.

"నీకు తెలియక జరిగిందని సెప్తానమ్మా ఆళ్ళతో. ఆ పెద్దాయన్ని అడిగి తీయించేసీ. అయిపోతాది."

"తెలిసే చేశాను సార్."

తీయించనని ఆమె అనలేదు, తీయిస్తానని కూడా అనలేదు. అలాగైతే రేపట్నించి రావద్దన్నాడు రమేష్‌బాబు. ఆమె బ్యాగులో నీళ్ళ సీసా, దువ్వెన సర్దుకుంటుంటే కిటికీ దగ్గరికి వెళ్ళి బజారు వైపు తిరిగి నిలబడ్డాడు.

ఉద్యోగం పోయిందని తెలిసినప్పుడు దేవమణి అడిగింది ఒక్కటే, అబద్ధం చెప్పినందుకా, నిజం చెప్పినందుకా అని. రెండింటికీ అంది షాలిని. తల్లి బియ్యం కడగడానికి లేచింది.

ఆపైన ఇంట్లో కూర్చుని ఆమె ఇంకో పని మొదలెట్టింది. వ్యాసాలు వేసుకున్న పందొమ్మిది సైట్లకీ ఉత్తరాలు రాసింది, నేను పంపిన వ్యాసంలో నిజం లేదు, తీసెయ్యండి అని. సంపాదించడానికి రెండు నెలలు పట్టిన లింకులు ఊడదీయడానికి అంతకంటే ఎక్కువ పట్టేలా ఉంది. ఏడుగురు తీసేశారు. నలుగురు మళ్ళీ మళ్ళీ రాస్తే తీశారు. మిగిలినవాళ్ళ దగ్గర్నించి ఉలుకూ పలుకూ లేదు. శ్రీవల్లి వ్యాసం ఉన్న సైటు అయితే నడిపే మనిషే లేకుండా పడి ఉంది. చేసేదిలేక దాని కింద తన పేరుతో, ఇది కల్పించి రాసింది, ఆ స్థలం గెడ్డ దారిలో ఉంది, నమ్మకండి అని రాసింది. ఎవరు చదువుతారో తెలియదు.

ఆ ఏడు వేళకి వాన రాలేదు. జూన్ వెళ్ళింది, జూలై సగమైంది, నారుమడులు ఎండుతున్నాయని అందరూ ఆకాశం వైపు చూస్తున్నారు. కంపెనీవాళ్ళు లేఅవుటులో మోటారు సైకిళ్ళు తిప్పి వీడియో తీసి పెట్టారు, గెడ్డ ఎక్కడ, మాకు కనబడలేదే అని. గణపతిరావు బ్లాగు కింద ఎవరెవరో వచ్చి ముసలాయనకి కళ్ళు మసకలని వెక్కిరించారు. షాలిని పొద్దున్న లేవగానే వాకిట్లోకి వచ్చి మబ్బు కోసం చూసేది. ఒక్క పెద్ద వాన పడితే చాలు అనుకునేది. ఆ నీళ్ళలో ఎవరి ఇల్లు, ఎవరి పొలం ఉంటుందో గుర్తొచ్చి సిగ్గుపడేది. సిగ్గుపడుతూనే మళ్ళీ చూసేది. ఆయనకి ఫోను చేసి ఇంకా వాన రాలేదేమిటండీ అంటే ఆయన నవ్వాడు.

"వానెప్పుడొస్తాదో నాను రాయనేదమ్మా. వొస్తే ఎటెల్తాదో రాసినాను."

ఆగస్టు మొదటి వారంలో కుమారి ఫోను వచ్చింది. ఆమె భర్తతో కలిసి ప్లాట్లున్న ఊరి సచివాలయానికి వెళ్ళిందట. సర్వేయరు రెండుసార్లు తిప్పి మూడోసారి పాత పటం తీసి చూపించాడట. తాము తీసుకున్న ప్లాటు మీదుగా రెండు గీతలు పోతున్నాయి, వాటి మధ్య గెడ్డ అని రాసి ఉంది. ఆ పటం ఫోటో, గణపతిరావు వ్యాసం రెండూ కంపెనీ ఆఫీసులో బల్ల మీద పెట్టి కూర్చుంటే మూడో రోజుకి బేరం రద్దు చేశారట. పక్క ప్లాటువాళ్ళకి చెబితే వినలేదట. అన్నీ చెప్పి చివర్న అంది.

"మీ మీద కోపం పోనేదండి నాకు. కానీ మీరు ఫోను సెయ్యకపోతే నాను పటం అడిగీదాన్ని కాదు. అది సెప్దామని."



సెప్టెంబరు మూడో వారంలో అల్పపీడనం పట్టింది. రెండు పగళ్ళు, రెండు రాత్రులు వదలకుండా కురిసింది. మూడోనాడు పొద్దున గణపతిరావు ఫోను చేశాడు. కల్వర్టు దగ్గర ఉన్నాడట, వెనక హోరు వినిపిస్తోంది. రావాలనుకుంటే రా అన్నాడు. దేవమణి వద్దంటున్నా గొడుగు తీసుకుని బయల్దేరింది. హైవే మీద దిగి అక్కణ్ణించి ఆటో దొరక్క గంటన్నర నడిచింది. ఇన్నాళ్ళూ తాను కోరుకున్నది కళ్ళారా చూడబోతున్నాననే తొందర ఒకటి కాళ్ళని తోసింది.

తీరా వెళ్తే లేఅవుటులో గెడ్డ నీరు చుక్క కూడా లేదు. జెండాలు తడిసి వేలాడుతున్నాయి, రాళ్ళు తెల్లగా మెరుస్తున్నాయి. గోడ నిలిచింది. నీరంతా కల్వర్టు ఖానాల్లోంచి వచ్చి గోడకి కొట్టుకుని, దారిలేక వెనక్కి తన్నింది. రోడ్డుకి ఇవతల నలభై ఎకరాల వరి మునిగి ఉంది. ఆలస్యంగా వచ్చిన వానలకి ఆలస్యంగా వేసిన నాట్లు. ఎర్రనీళ్ళ మీద అక్కడక్కడ ఆకుల కొసలు తేలుతున్నాయి. గట్టు మీద పాతికమంది రైతులు తడుస్తూ నిలబడ్డారు. నీరు ఇలా పొలాల మీదికి తన్నుతుందని షాలిని ఎప్పుడూ అనుకోలేదు. గణపతిరావు కూడా తన వ్యాసంలో రాయలేదు. ఆయన తడిసిన పంచెతో గట్టు మీద కూలబడి ఉన్నాడు.

"గోడ ఇంత గట్టిగా కడతారనుకోనేదమ్మా," అన్నాడు ఆమెని చూసి.

రైతుల్లో అసిరయ్య అనే ఆయన గునపం పట్టుకుని నీళ్ళలోకి దిగాడు. నడుం దాకా వచ్చింది. ఇంకో నలుగురు దిగారు. కంపెనీ కాపలాదారు గొడుగు కింద నించుని వద్దు వద్దంటూ ఫోన్లో ఎవరికో చెబుతున్నాడు గాని దగ్గరికి రాలేదు. ఒకరి తర్వాత ఒకరు పోట్లు వేశారు. అసిరయ్యకి గునపం జారి చెయ్యి చీరుకుపోతే షాలిని తన చున్నీ చింపి కట్టింది. ఆయన కట్టు కట్టించుకుంటూనే గోడ వైపు చూస్తున్నాడు. ముప్పావుగంటకి గోడలో ఒక సిమెంటు రాయి కదిలింది. ఆ కన్నంలోంచి నీళ్ళు సన్నగా, తర్వాత లావుగా దూకాయి. ఉన్నట్టుండి గోడ రెండు బారల మేర పడిపోయింది. నలభై అడుగుల రోడ్డు మీదుగా, తెల్లరాళ్ళ మధ్య నుంచి, గణపతిరావు మ్యాపులో చూపించిన దారినే నీరు సముద్రం వైపు పోయింది. ఎవరూ కేకలు వెయ్యలేదు. అందరూ వరి వైపు తిరిగి నీటిమట్టం ఎంత దిగుతుందా అని చూస్తున్నారు.

సాయంత్రానికి జానెడు దిగింది. మర్నాటికి ఆకులు బయటపడ్డాయి గాని సగం చేను కుళ్ళిపోతుందని అసిరయ్య తేల్చి చెప్పాడు.

గోడ పగలగొట్టారని కంపెనీ కేసు పెట్టింది. గోడ కట్టి పంట ముంచారని రైతులు ఎదురు కేసు పెట్టారు. రైతుల తరఫున సాక్షుల్లో గణపతిరావు పేరు, షాలిని పేరు ఉన్నాయి. స్టేషన్లో కానిస్టేబులు కాగితం ముందేసుకుని అడిగాడు. పేరు షాలిని అంది. తండ్రి పేరు డేవిడ్‌రాజు. ఊరు విజయనగరం, కంటోన్మెంటు.

"ఏం చేస్తుంటారు?"

"ఇప్పుడేం లేదండి. ముందు ఈ కంపెనీ సైటుకి లింకులు కట్టేదాన్ని. ఈ ప్లాట్లు మంచివని రాసింది కూడా నేనే. అది కూడా రాసుకోండి."

కానిస్టేబులు తలెత్తి చూశాడు. అది రాస్తే మీకే చిక్కు కదమ్మా అన్నాడు. తెలుసండీ అంది. ఆయన ఒక నిమిషం పెన్ను కొరుక్కుని రాశాడు, చదివి వినిపించాడు, ఆమె కింద సంతకం చేసింది.

బయట వాన తెరిపిచ్చింది. గణపతిరావు శ్రీకాకుళం బస్సెక్కి, కిటికీలోంచి చెయ్యెత్తాడు. విజయనగరం బస్సు కోసం షాలిని అరగంట నిలబడింది. ఇంకా తీయని సైట్లు ఎనిమిది ఉన్నాయి. బస్సు వచ్చేలోపు ఫోను తీసి మొదటిదానికి మళ్ళీ ఉత్తరం మొదలుపెట్టింది. ఈసారి పాత ఉత్తరం అతికించలేదు. ఏం జరిగిందో మొదటినుంచి రాయసాగింది.